పల్లె లైబ్రరీలో లెక్కల పండగ: ఆ డబ్బు వెనుక కథ

అమెరికాలో చిన్న ఊళ్ల లైబ్రరీల్లో చాలాచోట్ల ఉద్యోగి ఒక్కరే. పుస్తకాలు ఇచ్చేదీ ఆమే, కంప్యూటర్ మొరాయిస్తే చూసేదీ ఆమే, సాయంత్రం తలుపు వేసేదీ ఆమే. అలాంటి చోట ఒక శనివారం పూట బల్లల మీద పజిల్స్, పాచికలు పరిచి పిల్లల్నీ పెద్దల్నీ కూర్చోబెట్టి లెక్కలతో ఆడించాలంటే పెద్ద మొత్తమేమీ అక్కర్లేదు. ఇప్పుడు అందుకోసమే లెక్కల సంస్థల నుంచి చిన్న చిన్న గ్రాంట్లు వస్తున్నాయి. ఆ చిన్న మొత్తానికి దారి పడడానికి మాత్రం వందేళ్లకు పైగా పట్టింది.

మొదట వచ్చింది భవనాల డబ్బు. ఉక్కు వ్యాపారంలో సంపాదించిన ఆండ్రూ కార్నెగీ సొమ్ముతో 1880ల నుంచి 1920ల దాకా ఆ దేశంలో 1,689 లైబ్రరీలు లేచాయి. షరతులు రెండే: స్థలం ఊరివాళ్లు ఇవ్వాలి, ఇచ్చిన సొమ్ములో పదో వంతు ఏటా నిర్వహణకు కేటాయించాలి. 10,000 డాలర్ల భవనం కట్టుకున్న ఊరు ఏడాదికి 1,000 డాలర్లు చూసుకోవాలన్నమాట. పెద్ద ఊళ్లకు ఇది లెక్కలోది కాదు. చిన్న ఊళ్లకు ఆ వెయ్యే బరువైంది, కొన్ని మాట నిలబెట్టుకోలేకపోయాయి. భవనం మిగిలింది, దాన్ని నడిపే చేతులకు డబ్బు చాలలేదు. ఈ కొరత ఆ తర్వాత కూడా తీరలేదని నాకనిపిస్తుంది.

1956లో అధ్యక్షుడు ఐసన్‌హోవర్ లైబ్రరీ సేవల చట్టంపై సంతకం చేశారు. 10,000 లోపు జనాభా ఉన్న ప్రాంతాల కోసమే అది. ఏటా 75 లక్షల డాలర్ల చొప్పున అయిదేళ్లకు అనుమతి. పుస్తకాల బళ్లు మారుమూల దారులు పట్టింది ఆ డబ్బుతోనే. 1964లో చట్టాన్ని విస్తరించి నగరాలనూ చేర్చడంతో, పల్లెలకే అన్న హద్దు చెరిగిపోయింది. 1997 నుంచి గేట్స్ దంపతుల దానంతో కంప్యూటర్లు వచ్చాయి. భవనం, పుస్తకం, కంప్యూటర్: అన్నీ లెక్కపెట్టి చూపించగల వస్తువులే. జనం కలిసి కూర్చునే ఒక సాయంత్రానికి డబ్బు ఇవ్వడం ఆ పద్ధతిలో ఇమడలేదు.

లెక్కల డబ్బు దారి వేరు. 1957 అక్టోబరులో సోవియట్ యూనియన్ తొలి కృత్రిమ ఉపగ్రహం స్పుత్నిక్‌ను అంతరిక్షంలోకి పంపింది. ఆ కంగారులో మరుసటి ఏడాదే అమెరికా జాతీయ రక్షణ విద్యా చట్టం చేసింది. గణితం, సైన్సు, విదేశీ భాషల బోధనకు నిధులు పారాయి, కానీ బడులకీ కాలేజీలకీ. అలా లెక్కలంటే బడి, బడి అంటే పరీక్ష, పరీక్ష అంటే టెన్షన్. లైబ్రరీకి పుస్తకాల డబ్బు, బడికి లెక్కల డబ్బు. రెండూ పక్కపక్కనే నడిచినా కలవడానికి దశాబ్దాలు పట్టింది.

కలిపింది ప్రభుత్వం కాదు, గణితాన్ని ప్రేమించినవాళ్లు. తూర్పు యూరప్‌లో ఎప్పటి నుంచో ఉన్న గణిత బృందాల పద్ధతి, అంటే పిల్లలు గణితవేత్తలతో కూర్చుని సరదాగా లెక్కలు చేయడం, 1998లో కాలిఫోర్నియాలోని బర్కిలీకి వచ్చింది. 2007లో గణితవేత్త జూలియా రాబిన్సన్ పేరిట కాలిఫోర్నియాలో ఉత్సవాలు మొదలయ్యాయి. వాటిలో పోటీ లేదు, మార్కులు లేవు. 2015లో బర్కిలీలోని గణిత పరిశోధన సంస్థ మరికొన్ని సంస్థలతో కలిసి వాషింగ్టన్‌లో జాతీయ గణిత ఉత్సవం జరిపింది. అయితే ఇవన్నీ మహానగరాల్లో, విశ్వవిద్యాలయాల పక్కన. మారుమూల ఊరి పిల్లకు అక్కడికి చేరడమే ఓ ప్రయాణం.

నా దృష్టిలో అసలు మలుపు 2014. ‘బెడ్‌టైమ్ మ్యాథ్’ అనే స్వచ్ఛంద సంస్థ లెక్కల క్లబ్బులు పెట్టుకోమని సామాను పెట్టెలు ఉచితంగా పంపడం మొదలుపెట్టింది, బడులతో పాటు లైబ్రరీలకు కూడా. ఏం చేయాలో అందులోనే రాసి ఉంటుంది కాబట్టి లెక్కలంటే భయపడే లైబ్రేరియన్ కూడా నడపగలదు. ఇది చిన్న విషయంలా కనిపించవచ్చు. గణితం చదివినవాళ్లు దగ్గరలో ఎవరూ లేని ఊరికి అదే ప్రాణం.

గ్రాంట్ల తీరూ ఆ తర్వాతే మారింది. 1996లో ఏర్పడిన సమాఖ్య ప్రభుత్వపు మ్యూజియం, లైబ్రరీ సేవల సంస్థ, చిన్న లైబ్రరీలకని విడిగా 10,000 నుంచి 50,000 డాలర్ల గ్రాంట్లు తెచ్చింది. సొంత వాటా పెట్టుకోమని అడగలేదు. 2020లో అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ చిన్న, గ్రామీణ లైబ్రరీలకు 3,000 డాలర్ల చొప్పున ఇవ్వడం మొదలుపెట్టింది. అది లెక్కల కోసం కాదు, ఊరివాళ్లు కూర్చుని మాట్లాడుకోవడం కోసం. కానీ జనం కలవడానికి కూడా డబ్బు ఇవ్వవచ్చని చూపించింది. లెక్కల పండగలకు వచ్చే గ్రాంట్లదీ ఇదే నమూనా.

2025 మార్చి 14న, గణితంలోని ‘పై’ (π, సుమారు 3.14) పేరిట జరుపుకునే దినోత్సవం నాడే, ఆ సమాఖ్య లైబ్రరీ సంస్థను చట్టం అనుమతించినంత మేర కుదించాలని అధ్యక్షుడి ఉత్తర్వు వచ్చింది. నెలాఖరుకి ఉద్యోగులను సెలవుపై పంపారు, ఏప్రిల్‌లో గ్రాంట్లు రద్దయ్యాయి. సౌత్ డకోటాలో లైబ్రరీల మధ్య పుస్తకాల మార్పిడి ఆగింది, మెయిన్ (Maine) అనే రాష్ట్రపు లైబ్రరీలో ఉద్యోగాలు పోయాయి. రాష్ట్రాలు కోర్టుకెళ్తే మే నెలలో రోడ్ ఐలాండ్ ఫెడరల్ జడ్జి ఆ చర్యలను నిలిపివేశారు.

లెక్కల సంస్థలు ఇచ్చే చిన్న గ్రాంట్లు ఈ సమాఖ్య డబ్బు కావు. కానీ వాటిని అందుకోవడం నేర్పే శిక్షణ, ఊరూరికీ పుస్తకం చేర్చే ఏర్పాటు చాలాచోట్ల రాష్ట్ర లైబ్రరీలు ఆ డబ్బుతో నడిపేవే. ఇక దరఖాస్తు నింపేదీ, శనివారం బల్లలు సర్దేదీ ఆ ఒక్క ఉద్యోగే. ఆమె జీతం ఎక్కువగా కార్నెగీ కాలంలో లాగే ఇప్పటికీ ఊరి పన్నుల నుంచే రావాలి.