తళుకు తొలగితే కనిపించేది

విశాఖపట్నం బీచ్ రోడ్డు మీద ఎండ ఏటవాలుగా పడే వేళ పోలరాయిడ్ కళ్ళద్దాలు పెట్టుకుని సముద్రాన్ని చూస్తే, అప్పటిదాకా కళ్ళకు మిరుమిట్లు గొలిపిన తళుకు చాలావరకు అణిగి, నీటి అసలు రంగు బయటపడుతుంది. నీటి ఉపరితలం నుంచి ఏటవాలుగా పరావర్తనం చెందిన కాంతి తరంగాలు ఎక్కువగా అడ్డంగానే కంపిస్తాయి. ఇలా ఒకే దిశలో కంపించడాన్ని ధ్రువణం అంటారు. ఆ అద్దాలు అడ్డంగా కంపించే కాంతిని ఆపేస్తాయి. ఈ ఊళ్ళోనే బడి చదువు చదివిన సి.వి. రామన్ 1921లో ఇంగ్లండ్ నుంచి ఓడలో తిరిగి వస్తూ, ఒకే దిశలో కంపించే కాంతిని మాత్రమే సాగనిచ్చే నికోల్ పట్టకంతో ఆకాశపు ప్రతిబింబాన్ని తొలగించి సముద్రాన్ని చూశారు. నీలం మాయం కాలేదు సరికదా, మరింత చిక్కబడింది. సముద్రపు నీలం ఆకాశం నుంచి అరువు తెచ్చుకున్నది కాదని ఆయన అలా తేల్చారు.

మన ఫిషింగ్ హార్బరుకు చేరే మెత్తని ఒంటి సముద్ర జీవులైన కటిల్‌ఫిష్, స్క్విడ్‌లకు అలాంటి పట్టకం కంట్లోనే ఉంది. క్షణంలో ఒంటి రంగు మార్చుకుని ఇసుకలో కలిసిపోయే కటిల్‌ఫిష్ తాను మాత్రం రంగుల తేడా గుర్తించలేదు. దాని రెటీనాలో ఉన్నది ఒకే రకం దృశ్య వర్ణకం, అంటే కాంతిని గ్రహించే పదార్థం. అయితే అక్కడి కాంతిగ్రాహకాలు ఒకదానికొకటి లంబంగా అమరి ఉండడం వల్ల, కాంతి ఏ దిశలో కంపిస్తున్నదో అది పసిగట్టగలదు. స్క్విడ్‌లపై జరిగిన ఒక ప్రయోగం ఫలితాలు 1998లో వెలువడ్డాయి. ధ్రువణం లేని కాంతిలో కంటే ధ్రువిత కాంతిలో అవి గాజులా పారదర్శకంగా ఉండే ప్లవక జీవులను (నీటిలో తేలియాడే చిన్న ప్రాణులను) 70 శాతం ఎక్కువ దూరం నుంచే పట్టుకున్నాయి. దాగడమనేది దాగిన ప్రాణి నేర్పు ఒక్కటే కాదు, చూసే కంటి పరిమితి కూడా అని నాకు ఈ ప్రయోగమే బోధపరిచింది.

రోగి శరీరంలోనూ ఇలాగే కంటికి చిక్కనివి ఉంటాయి. చర్మ వైద్యులు పుట్టుమచ్చలను పరీక్షించే డెర్మోస్కోపుల్లో ధ్రువణ ఫలకాలు అమర్చినవి ఉన్నాయి. అవి చర్మం పైని మెరుపును తొలగించి, కింది పొరల్లోని వర్ణకాన్ని, రక్తనాళాలను చూపిస్తాయి. పాత పరికరాలకు చర్మంపై నూనెగానీ జెల్‌గానీ రాసి అద్దాన్ని అదిమి పెట్టవలసి వచ్చేది. పుండు పడి నొప్పిగా ఉన్నచోట తాకకుండానే చూడగలగడం రోగికి ఎంత ఊరటో వేరే చెప్పనక్కరలేదు.

క్యాన్సర్ తొలి దశను వెతికేటప్పుడు ఈ పద్ధతి తిరగబడుతుంది. కణజాలంలోకి లోతుగా వెళ్ళిన కాంతి పలుమార్లు చెదిరి ధ్రువణాన్ని కోల్పోతుంది. పైపొర నుంచి వెంటనే తిరిగి వచ్చినది దాన్ని నిలుపుకుంటుంది. అనేక క్యాన్సర్లు పుట్టేది ఆ పైపొరలోనే కనుక, అక్కడ కణకేంద్రకాలు ఉబ్బినప్పుడు వచ్చే మార్పును ధ్రువణం నిలిచిన ఆ కాంతి నుంచే చదవవచ్చు. మర పడవల వలల్లో రొయ్యలతోపాటు పడే మాంటిస్ ష్రింప్ కంటి నిర్మాణాన్ని చూసి, ప్రతి పిక్సెల్ మీదా అతిసన్నని లోహపు తీగలను వేర్వేరు దిశల్లో అమర్చి శాస్త్రవేత్తలు తయారుచేసిన కెమెరాలు, ఫలకాలను తిప్పే పని లేకుండా, ఆ దిశలన్నిటినీ ఒకేసారి నమోదు చేస్తాయి.