మంచం తిరిగిందని ఎలా తెలుస్తుంది?

చిన్నూకీ, బుజ్జికీ ఆశీస్సులు.

మొన్న వీడియో కాల్‌లో చిన్నూ అడిగాడు కదా, పసిఫిక్ సముద్రం అమెరికాకి పడమర ఉంటే మా శాంటా బార్బరాలో మాత్రం దక్షిణాన ఎందుకుంది తాతయ్యా అని. నేను నీళ్ళు నమిలాను. తెలియదని అప్పుడే చెప్పేయాల్సింది, మీరు నాలా చేయకండి. తర్వాత చదివాను. మీ ఊరున్న నేల ముక్కే పక్కకి తిరిగిపోయిందిరా!

మా చిన్నప్పుడు ఎండాకాలం వాకిట్లో నులక మంచాల మీద పడుకునేవాళ్ళం. మా నాయనమ్మ ఉత్తరాన తల పెట్టనిచ్చేది కాదు, దక్షిణానికే. ఒక రాత్రి వాన మొదలైతే మా నాన్న నన్ను లేపకుండా మంచంతో సహా చూరు కిందికి లాగేశాడు. తెల్లారి చూస్తే నా తల పడమరకి ఉంది. పడుకున్నప్పుడు తల ఎటో తెలుసు కాబట్టి మంచం పావు వంతు తిరిగిందని తెలిసింది.

సముద్రం అడుగున బురదలోకి దిగే సన్నటి ఇనుప ఖనిజం రేణువులూ అంతే. కాకపోతే అవి నాయనమ్మ మాట వినవు, భూమే పెద్ద అయస్కాంతం కాబట్టి ఉత్తరానికే తల పెడతాయి. పైన ఇంకా బురద పడి, అంతా రాయైపోయాక ఇక దొర్లలేవు. లక్షల ఏళ్ళకోసారి భూమి అయస్కాంతమే తల్లకిందులవుతుంది, అప్పుడు వాటికి తలా కాళ్ళూ తారుమారు. అక్కడ నా మంచం కథ కాస్త కుంటుతుంది, పోనీండి.

చల్లారిన లావా కూడా ఇలాగే దిక్కు గుర్తుపెట్టుకుంటుంది. 1979లో కామర్లింగ్, ల్యూయెండిక్ అనే ఇద్దరు భూగర్భ శాస్త్రవేత్తలు మీ నేల ముక్కలోనే ఉన్న శాంటా మోనికా కొండల రాళ్ళ సంగతి రాశారు, వాటి తల ఉత్తరాన కాదు, తూర్పుకి దగ్గరగా ఉంది. తర్వాత మీ తీరంలోని, సముద్రపు బురద గట్టిపడి ఏర్పడిన మాంటెరీ రాళ్ళు చూస్తే అడుగునున్న పాత పొరలు ఎక్కువ, పైనున్న కొత్త పొరలు తక్కువ తిరిగి ఉన్నాయి. అంటే ఒక్క రాత్రిలో లాగిన మంచం కాదు, సుమారు 1.6 కోట్ల ఏళ్ళుగా మెల్లగా తిరుగుతూ వచ్చింది. పసిఫిక్ వైపు నేల అమెరికాని ఒరుసుకుంటూ వాయవ్యానికి జరుగుతోంది. అమ్మమ్మ అరచేతుల మధ్య దూది పెట్టి వత్తి చేస్తుంది చూడండి, అలా మధ్యలో చిక్కిన ముక్క తిరిగింది. మీ ఎదురుగా ఉన్న దీవుల్లో, మీకు ఆగ్నేయాన ఎంతో దూరంలో ఉన్న శాన్ డియేగో దగ్గరి గులకరాళ్ళే దొరుకుతాయట, మంచం మొదట ఎక్కడ వేసి ఉందో దాన్నిబట్టి చెబుతారు.

ఆదివారం ఆటు వేళ నాన్నతో బీచ్ గట్టు దగ్గరికి వెళ్ళండి. ఫోన్‌లో దిక్సూచి పెట్టినా రాతికి కదలదు, అంత బలహీనమైన అయస్కాంతం అది, ల్యాబ్‌లోనే దొరుకుతుంది. కానీ పొరలు ఒరిగి ఉండటం కంటికే కనిపిస్తుంది. ల్యాబ్ వాళ్ళు ముందు ఆ ఒరుగు లెక్కలో సరిచేసుకుంటారు, ఆ తర్వాతే దిక్కు చూస్తారు. అవి ఎటు ఒరిగాయో బుజ్జి బొమ్మ గీయాలి, చిన్నూ ఫొటో తీసి నాకు పంపాలి.

మీ తాతయ్య