పిండం లేని కడుపు

పరకాల వైపు నుంచి ఒక పాఠకురాలు ఉత్తరం రాసింది. పెళ్లయిన చాన్నాళ్లకు వాళ్ల వదినకు నెల తప్పిందట. వేవిళ్లు, ఎత్తయిన పొట్ట, రొమ్ముల్లో పాలు, అన్నీ వచ్చాయి. ఏడో నెల అనుకుని హన్మకొండకు తీసుకెళ్లి స్కానింగ్ తీయిస్తే గర్భసంచి ఖాళీ. "పిండాన్ని ఎవరో మాయం చేసిన్రని మా అమ్మ భూతవైద్యుని దగ్గరికి తీస్కపోతనంటున్నది. మరి గంత కడుపు ఎట్లొచ్చింది సార్?"

ఎవరూ ఏమీ మాయం చేయలేదమ్మా. మీ వదిన నటించనూ లేదు. గర్భం లేకున్నా ఉన్నట్టే లక్షణాలన్నీ కనిపించే ఈ స్థితిని సూడోసయసిస్ అంటారు. ప్రాచీన గ్రీకు వైద్యుడు హిప్పోక్రాటిస్ కాలం నుంచీ ఇది తెలిసిందే. 1555లో ఇంగ్లండ్ రాణి మొదటి మేరీ పురిటి గదికి చేరింది. కొడుకు పుట్టాడన్న పుకారు లేచి లండన్‌లో గంటలు కూడా మోగించారు. బిడ్డ మాత్రం పుట్టలేదు.

నాకు అన్నిటికన్నా వింతగా తోచేది పాల సంగతి. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ "ప్రధాన గ్రంథి" అని పిల్లలతో వల్లె వేయిస్తాం, అసలు ముచ్చట వదిలేస్తాం. అది వదిలే హార్మోన్లలో చాలావాటికి దాని పైనున్న మెదడు భాగం హైపోథాలమస్ నుంచి "వదులు" అనే ఆజ్ఞ రావాలి. పాలు పట్టించే ప్రొలాక్టిన్‌ది తిరకాసు వ్యవహారం. చెరువు నీళ్లలా తనంతట తాను పారబోతుంటే, హైపోథాలమస్ పంపే డోపమిన్ అనే నీరటి పొద్దస్తమానం తూము మూసి పట్టుకుని ఉంటుంది. తీవ్రమైన కుంగుబాటులో, ఎడతెగని ఒత్తిడిలో నీరటి పట్టు సడలవచ్చు. మానసిక రోగాలకిచ్చే రిస్పెరిడోన్, వాంతులకిచ్చే డోంపెరిడోన్ లాంటి మందులైతే నీరటి చేతులే కట్టేస్తాయి. తూము లేచిందా, రొమ్ములు బరువెక్కుతాయి, పాలు చెమ్మగిల్లుతాయి. అంతటితో ఆగదు. పెరిగిన ప్రొలాక్టిన్ హైపోథాలమస్‌లో జీఎన్ఆర్‌హెచ్ అనే హార్మోన్ విడతలు విడతలుగా విడుదల కావడాన్ని అణచివేస్తుంది. దాంతో అండాశయాన్ని నడిపే పిట్యూటరీ హార్మోన్లు ఎల్‌హెచ్, ఎఫ్ఎస్‌హెచ్ తగ్గుతాయి. అండం విడుదల కాదు, నెలసరి ఆగుతుంది. పిల్లల కోసం మొక్కని దేవుడు లేని ఇంట్లో నెలసరి ఆగితే ఏమనుకుంటారు? ఆశ బలపడుతుంది, ఆ ఆరాటం తూమును ఇంకాస్త లేపుతుంది. అయితే రక్తపరీక్షలో అందరికీ ప్రొలాక్టిన్ ఎక్కువ ఉండదు. కొందరికి మామూలుగానే ఉంటుంది, అయినా లక్షణాలుంటాయి.

ఇక పొట్ట. గ్యాస్, మలబద్ధకం, కొవ్వు కొంత. మిగతాది తెలియకుండానే నడుము ముందుకు వంచి, ఉదరవితానాన్ని (ఛాతీకి, పొట్టకు మధ్యనున్న కండర పొరను) కిందికి దించి పట్టడం వల్ల. 19వ శతాబ్దపు ఎడింబరో వైద్యుడు జేమ్స్ యంగ్ సింప్సన్ ఇలాంటివారికి క్లోరోఫాం ఇచ్చి చూశాడు. మత్తులో పొట్ట చదునైంది, తెలివి రాగానే మళ్లీ లేచింది! కదలికలంటారా, అవి పేగులవి.

మూత్రపరీక్ష మోసపోదు. అది వెతికే హెచ్‌సీజీ అనే హార్మోన్ మాయ (ప్లాసెంటా) నుంచి వస్తుంది; ఇక్కడ మాయే లేదు. మాయే గుత్తులుగా అడ్డదిడ్డంగా పెరిగే ముత్యాల గర్భంలో మాత్రం హెచ్‌సీజీ విపరీతంగా ఉంటుంది, అందుకే స్కానింగ్ తప్పదు. అండాశయంలో గడ్డలున్నాయేమో కూడా అందులోనే చూస్తారు.

మీ వదిన వాడుతున్న మాత్రల అట్టలన్నీ సంచిలో వేసుకుని గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లండి. ప్రొలాక్టిన్, థైరాయిడ్ పరీక్షలు అడగండి. మాత్రలు సొంతంగా ఆపొద్దు. స్కానింగ్ తెర ఆమెకే చూపించి, నిదానంగా చెప్పమనండి. బిడ్డను పోగొట్టుకున్న తల్లిలాగే ఏడుస్తుంది, ఏడవనివ్వండి. తర్వాత మానసిక వైద్యుడు కూడా అవసరం. వాడకట్టుకు ఏం చెప్పాలన్న బెంగ మీ అమ్మకు వదిలేయండి.