కారు తుక్కుతో కంప్యూటర్‌కి లిక్విడ్ కూలింగ్: అపోహలు - వాస్తవాలు

మే నెలలో విజయవాడలో ఏసీ లేని గదిలో వీడియో రెండరింగ్ పెట్టి వదిలేస్తే ప్రాసెసర్ 100 డిగ్రీలు తాకి తనంతట తానే స్పీడు తగ్గించేసుకుంటుంది. అలాంటి సిస్టమ్‌లు ప్రతి ఎండాకాలం నా టేబుల్ మీదకి వస్తూనే ఉంటాయి. పక్కనే ఆటోనగర్, అక్కడ పాత కార్ల సామాను కుప్పలు కుప్పలుగా ఉంటుంది కాబట్టి "కారు రేడియేటర్ పెట్టేద్దాం అన్నా" అని అడిగేవాళ్లూ ఎక్కువే. పెట్టొచ్చు. పంపు తోసే నీళ్లు చిప్ మీద బిగించే లోహపు దిమ్మ (వాటర్ బ్లాక్) నుంచి వేడి తీసుకుని, రేడియేటర్‌లో చల్లారి మళ్లీ వెనక్కి వస్తాయి, ఈ చుట్టునే లూప్ అంటారు. నేను మూడు సిస్టమ్‌లకి పెట్టాను, అందులో మొదటిది పాడైంది. ఆ మూడింటి దగ్గర నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: రేడియేటర్ ఎంత పెద్దదైతే అంత మంచిది.

కారు ముందున్న పెద్ద రేడియేటర్ అక్కర్లేదు. డ్యాష్‌బోర్డ్ లోపల హీటర్ కోర్ అని ఇంకో చిన్న రేడియేటర్ ఉంటుంది, చలికాలంలో లోపలికి వేడిగాలి ఇచ్చేది అదే. ఇరవై ఏళ్ల క్రితం, రెడీమేడ్ కిట్లు సరిగ్గా దొరకని రోజుల్లో, అమెరికాలో ఈ పని చేసేవాళ్లు 1977 పాంటియాక్ బోన్‌విల్ హీటర్ కోర్ కోసం తుక్కు యార్డులన్నీ గాలించేవాళ్లు. ఇంటెల్ ఐ9-14900కె లాంటి వేడి చిప్ కూడా కంపెనీ లెక్క ప్రకారం గరిష్ఠంగా 253 వాట్లు, హీటర్ కోర్ కారులో అంతకు ఎన్నో రెట్లు వేడిని బయటికి తోస్తుంది. అయితే ఒకటి గుర్తుపెట్టుకోండి. కారులో నీళ్లు 90 డిగ్రీలు, బయట గాలి 40 అనుకుంటే తేడా 50. మనకి ఆ తేడా 10 లోపే ఉండాలి. అంటే అదే కోర్ మన దగ్గర అయిదో వంతు పనే చేస్తుంది. అయినా సరిపోతుంది, కాకపోతే గాలి రెక్కల మధ్య నుంచే పోవాలి. ఫ్యాన్‌కీ కోర్‌కీ మధ్య అంగుళం పైన ఖాళీ వదిలి, చుట్టూ రేకుతో మూసేయండి.

అపోహ: లోహం ఏదైనా ఒకటే.

నా మొదటి సిస్టమ్ పోయింది ఇక్కడే. అల్యూమినియం కోర్ చవగ్గా దొరికిందని తెచ్చి, రాగి వాటర్ బ్లాక్‌తో కలిపి, ఉత్త డిస్టిల్డ్ వాటర్ పోసి నడిపాను. మూడు నెలలు బాగానే ఉంది. నాలుగో నెలలో టెంపరేచర్ రోజూ కొంచెం కొంచెం పెరుగుతుంటే చిప్‌కీ బ్లాక్‌కీ మధ్య రాసే పేస్ట్ ఎండిపోయిందేమో అనుకున్నాను. బ్లాక్ విప్పి చూస్తే, మిల్లీమీటర్ కూడా లేని ఆ రాగి రెక్కల సందుల్లో తెల్లగా, తడి సున్నంలా ముద్ద. టూత్‌బ్రష్ పెట్టి తోమితే సగమే వచ్చింది. ఈ రెండు లోహాలు ఒకే నీళ్లలో ఉంటే అల్యూమినియం తినేయబడుతుంది. రెండూ ఒకదానికొకటి తగలకపోయినా అంతే, రాగి కాస్త కరిగి నీళ్లతో పాటు వెళ్లి అల్యూమినియం మీద పేరుకుంటుంది, పేరుకున్న చోటల్లా గుంట పడుతుంది. మందు కలిపిన కూలెంట్ దీన్ని ఆలస్యం చేస్తుందంతే, ఆపదు.

కొనేముందు మూలన స్క్రూడ్రైవర్‌తో ఒక గీత గీయండి. ఎర్రగా మెరిస్తే రాగి, పసుపుపచ్చగా ఉంటే ఇత్తడి, వెండిలా తెల్లగా ఉంటే అక్కడే వదిలేయండి. కానీ పాత టంకం కూడా తెల్లగానే ఉంటుంది కాబట్టి అతుకు మీద కాకుండా గొట్టం మీద గీయాలి. పాత కార్లలో రాగి-ఇత్తడివి ఉంటాయి, ఈమధ్య కార్లలో దాదాపు అన్నీ అల్యూమినియమే. నాకు రేడియేటర్లు బాగుచేసే బాబాయ్ ఒకాయన చెప్పిన ఇంకో లాభం: "రాగిదైతే కారినా టంకం వేసిస్తాను, అల్యూమినియానికి నా టంకం అంటుకోదురా." ఆ ఒక్క మాట ముందే విని ఉంటే నాకు ఒక బ్లాక్ మిగిలేది.

అపోహ: నీళ్లు నెమ్మదిగా పారితే రేడియేటర్‌లో బాగా చల్లారతాయి.

ఇది చాలా గట్టిగా నమ్ముతారు. లెక్క వేసి చూడండి. 200 వాట్ల చిప్, నిమిషానికి 4 లీటర్ల నీళ్లు అనుకుంటే, బ్లాక్‌లోకి వెళ్లే నీటికీ బయటికొచ్చే నీటికీ తేడా ముప్పావు డిగ్రీ కూడా ఉండదు. లూప్ మొత్తం దాదాపు ఒకే వేడి మీద ఉంటుంది. అందుకే నీళ్లు ముందు ప్రాసెసర్‌కి వెళ్లాలా, ముందు గ్రాఫిక్స్ కార్డుకి వెళ్లాలా అన్న గొడవ కూడా అనవసరం. పారుదల తగ్గిస్తే బ్లాక్ చిప్ నుంచి వేడి లాగే శక్తే తగ్గుతుంది.

అపోహ: బకెట్ నీళ్లు పెడితే చాలు.

5 లీటర్ల నీళ్లు 200 వాట్లకి దాదాపు 35 నిమిషాల్లో 20 డిగ్రీలు ఎక్కుతాయి. వేడెక్కడం ఆలస్యమవుతుంది, అంతే. చివరికి వేడిని గాలికి ఇవ్వాల్సింది రేడియేటరే. గదిలో 40 ఉంటే రేడియేటర్ నీళ్లని 40 కంటే కిందికి దించలేదు కూడా.

అపోహ: పంపు, ఫ్యాన్ కూడా కారువే వాడొచ్చు.

మామూలు కార్లలో వాటర్ పంపు ఇంజన్ బెల్ట్‌తో తిరుగుతుంది, దాన్ని తెచ్చి ఏం చేస్తారు? అద్దాల మీద నీళ్లు చిమ్మే 12 వోల్టుల మోటారు కొన్ని సెకన్ల కోసం చేసింది, గంటలు నడిపితే కాలిపోతుంది. రేడియేటర్ ఫ్యాన్ బోలెడు ఆంపియర్లు లాగుతుంది, మోత కూడా భరించలేం. పంపు, వాటర్ బ్లాక్ మాత్రం కంప్యూటర్ కోసం చేసినవే కొనండి, డబ్బంతా అక్కడే పెట్టండి.

అపోహ: డిస్టిల్డ్ వాటర్ కారినా బోర్డుకి ఏమీ కాదు.

సీసాలో ఉన్నప్పుడు నిజమే. లూప్‌లో కొన్నాళ్లు తిరిగాక లోహం, దుమ్ము, ఉప్పు కలిసి కరెంటు పారనిస్తుంది. బ్యాటరీల షాపులో అడిగి తెచ్చుకునేటప్పుడు లేబుల్ కూడా చూసుకోండి, యాసిడ్ క్యాన్లు పక్కనే ఉంటాయి.

కారు కూలెంట్ సగానికి సగం పోయడం కూడా తప్పే, చిక్కబడి పంపు మీద భారం పడుతుంది, నీళ్లంత వేడీ మోయదు. నేను పదో వంతు కలుపుతాను. అందులో ఇథిలీన్ గ్లైకాల్ ఉంటే అది విషం, పైగా తియ్యగా ఉంటుంది. ఇంట్లో పిల్లలు, కుక్క ఉంటే నేల మీద ఒక్క చుక్క కూడా ఉండనివ్వొద్దు, దయచేసి.

అపోహ: కోర్‌ని ఒకసారి నీళ్లతో కడిగితే చాలు.

పదిహేనేళ్ల తుప్పు, ఎప్పుడో ఎవరో పోసిన లీక్ మందు, అన్నీ లోపలే ఉంటాయి. లీటరు వేడినీళ్లకి రెండు చెంచాల నిమ్మ ఉప్పు కలిపి రాగి కోర్‌లో పోసి అరగంట ఉంచండి, మొదట ఆకుపచ్చగా, తర్వాత టీ డికాషన్‌లా వస్తుంది. నీళ్లు తేటగా వచ్చేదాకా మళ్లీ మళ్లీ చేయాలి, తర్వాత వంటసోడా నీళ్లు, చివర డిస్టిల్డ్ వాటర్.

కడిగాక ఒక మూతి బిగించి, రెండో మూతికి సైకిల్ పంపు పెట్టి మెల్లగా గాలి కొడుతూ టబ్బులో ముంచండి, పంక్చర్ షాపులో ట్యూబ్ ముంచినట్టే. ఎక్కువ కొట్టొద్దు, అతుకులు విడిపోతాయి. బుడగ ఒక్కటీ రాకపోతే లూప్ అంతా బిగించి, మదర్‌బోర్డుకి కరెంటు ఇవ్వకుండా ఎస్ఎంపీఎస్ (కంప్యూటర్‌కి కరెంటు ఇచ్చే డబ్బా) 24 పిన్నుల కనెక్టర్‌లో ఆకుపచ్చ వైరుని నల్ల వైరుకి కలిపి పంపు ఒక్కటే 24 గంటలు తిప్పండి. ప్రతి హోస్ క్లిప్పు కింద టిష్యూ మడిచి పెట్టండి. తెల్లారి చూస్తే ఒక టిష్యూ అంచు తడిగా అనిపించినా ఆ క్లిప్పు విప్పి మళ్లీ బిగించి, ఇంకో 24 గంటలు.