రుచి చూడకుండా ఉప్పెలా వేస్తానంటే

చిరంజీవులైన పిల్లలకు,

రాజమండ్రి గోదావరి గట్టు దగ్గర చిన్న టిఫిన్ హోటలు నడిపే మామ్మ ఆశీర్వదించి రాయునది.

మొన్న వేసవి సెలవుల్లో మా కొట్టుకొచ్చిన ఒక చిన్నపిల్ల, నేను పులిహోర కలుపుతుంటే కాసేపు చూసి, “మామ్మగారూ, ఉప్పు సరిపోయిందో లేదో చూడరేంటి?” అంది. పొద్దుటి రద్దీలో దానికి సగం జవాబే చెప్పగలిగాను. మిగతా సగం ఈ ఉత్తరం.

మా ఇంట్లో ఏది వండినా ముందు దేవుడికి. నైవేద్యం అయ్యేదాకా ఎవరూ నోట్లో వేసుకోకూడదు. పనిగట్టుకుని వాసన కూడా చూడకూడదనేవారు మా అత్తగారు. (వంటింట్లో ముక్కు మూసుకుని ఎవరుంటారు గానీ, ఆ మాట ఆవిడతో అనే ధైర్యం నాకెప్పుడూ లేదు.) రుచి చూడకూడదంటే ఇక మిగిలింది కొలతే. అందుకే ఆవిడ గూట్లో ఇత్తడి గిద్ద, సోల, తవ్వ వరసగా బోర్లించి ఉండేవి. నాలుగు గిద్దలైతే సోల, రెండు సోలలైతే తవ్వ, రెండు తవ్వలైతే మానిక. ఇప్పటికీ మా హోటల్లో ఇడ్లీకి మినపప్పు తవ్వ, రవ్వ రెండు తవ్వలు. ఎవరు రుబ్బినా అంతే. పెనం దగ్గర మా అబ్బాయి, గల్లా పెట్టె దగ్గర మా కోడలు, పులిహోర దగ్గర నేను. మా ముగ్గురికీ ఏ విషయంలోనూ పడదు, ఒక్క కొలతలో తప్ప.

ఆ కొలతా ఒకసారి తప్పాను. 2015 పుష్కరాల్లో, ఇంకా తెల్లవారకముందే వీధి నిండిపోయిన జనాన్ని చూసి కంగారుపడి ఉప్పు వేయడమే మర్చిపోయాను. దేవుడికి పెట్టి, దణ్ణం పెట్టుకుని, జనానికి పొట్లాలు కట్టిచ్చాను. మొదటి పొట్లం విప్పిన పెద్దాయన వెనక్కి వచ్చి, “అమ్మా, మీ దేవుడికి బీపీ ఏమైనా ఉందా?” అన్నాడు. అప్పటినుంచీ పొయ్యి వెలిగించకముందే గిద్దతో ఉప్పు కొలిచి బియ్యం పక్కన పెట్టుకుంటాను. అన్నం కలిపాక గిద్ద ఖాళీగా ఉంటే ఉప్పు పడినట్టు. నాలుకతో పని లేదు. ఇక పులుసంటారా, అది చిక్కబడి నూనె పైకి తేలిందంటే ఉడికినట్టే.

దేవుడికి పెట్టే వంటలన్నీ నేతివీ నూనెవీ అనుకుంటారేమో. వినాయక చవితి ఉండ్రాళ్లు, కుడుములు ఆవిరి మీద ఉడికేవి. శ్రీరామనవమి వడపప్పుకైతే పొయ్యే అక్కర్లేదు, పెసరపప్పు నానితే చాలు. ధనుర్మాసంలో తెల్లవారుజామున కట్టు పొంగలి చేస్తాం. బియ్యంలో లైసిన్ అనే మాంసకృత్తుల ముక్క తక్కువ, అది పెసరపప్పులో బాగా ఉంటుంది. పప్పులో కొరవడింది బియ్యం ఇస్తుంది. లైసిన్ పేరు మా అత్తగారు విననైనా వినలేదు. ఎందుకు రెండూ కలపాలని అడిగితే, “ఆయనకి అలాగే ఇష్టం” అనేసేవారు.

అలాగని గారెలూ పూర్ణాలూ లేవనను. కానీ నిన్న కాచిన నూనె దేవుడికి పనికిరాదు. మనుషులకూ ఒక హద్దుంది, ఆహార భద్రత సంస్థ పెట్టిన ఆ నిబంధన 2018 నుంచి అమల్లో ఉంది. మళ్లీ మళ్లీ కాగిన నూనెలో పేరుకునే పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదు. మేం అంతదాకా రానివ్వం, ఏ రోజు నూనె ఆ రోజే. అది ఖర్చే. అందుకే మా దగ్గర గారెలు శనివారం ఒక్కరోజే. తక్కిన రోజుల్లో అడిగినవాళ్లు మొహం చిట్లించుకుని పక్క కొట్టుకు వెళ్తారు, వెళ్లనీ.

ఒక్క విషయంలో మాత్రం భక్తులతో నాకు తగువు. చక్కెర పొంగలి ముందు కూర్చుని, “ప్రసాదమే కదా మామ్మగారూ, షుగరున్నా ఏం కాదులెండి” అంటారు. బెల్లం కూడా చెరుకు రసం కాస్తే వచ్చిందే నాయనా, ఒంట్లో చక్కెర పెంచడంలో పంచదారకు పెద్దగా తీసిపోదు. అలాంటివాళ్ల ఆకులో ఒక్క చెంచా వేసి గిన్నె లోపలికి తీసేస్తాను. పిసినారినంటారు.

2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరమన్నాక, జొన్నలున్నాయా, రాగులున్నాయా అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. మా కోడలు పట్టుబట్టి రోజూ రాగి జావ మొదలుపెట్టింది, బాగానే పోతోంది. జొన్నలు మా ఇంటికి కొత్తేం కాదు. తొలి ఏకాదశికి జొన్నలు పేలాలుగా వేయించి, పొడి కొట్టి, బెల్లం, యాలకులు కలిపి పేలాల పిండి చేస్తాం. ఆ రోజు మా కొట్లో అందరికీ తలా ఒక ఉండ, డబ్బు తీసుకోం.

కాబట్టి, ఉప్పు సంగతి అడిగిన పిల్లా, ఈసారి తొలి ఏకాదశికి మీ అమ్మనడిగి రా. తెల్లవారుజామున అయిదింటికల్లా ఉండాలి. జొన్నలు చిటపటమంటూ మూకుట్లోంచి ఎగురుతుంటే గుడ్డతో మూసి పట్టుకునే పని నీది. పిండి నోట్లో వేసుకోవడం మాత్రం దీపం పెట్టాకే.

ఇట్లు,
మీ టిఫిన్ల మామ్మ