‘పుట్ ఆఫ్’ అంటే వాయిదా ఒక్కటేనా? అపోహలు - వాస్తవాలు

స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసులో నేను తీరిగ్గా చెప్పే మాటల్లో ‘పుట్ ఆఫ్’ ఒకటి. పుట్ తెలుసు, ఆఫ్ తెలుసు, ఇంకేముంది అని చాలామంది దాటేస్తారు. ఉద్యోగంలో చేరి మెయిల్ రాయాల్సి వచ్చినప్పుడు అక్కడే తడబడతారు.

అపోహ: పుట్ ఆఫ్, కాల్ ఆఫ్ రెండూ ఒకటే.

వాస్తవం: కానే కాదు. మీటింగ్ ‘పుట్ ఆఫ్’ అయిందంటే వాయిదా పడింది, ఇంకో రోజు జరుగుతుంది. ‘కాల్డ్ ఆఫ్’ అంటే రద్దయింది. పెళ్లి గురించి రాసేటప్పుడు ఈ రెండూ తారుమారైతే, ముహూర్తం మారిందని చెప్పబోయి సంబంధమే తప్పిపోయిందని చెప్పినట్టవుతుంది!

అపోహ: ‘పుట్ ఆఫ్’కి వాయిదా వేయడం ఒక్కటే అర్థం.

వాస్తవం: అసలు కిటుకు ఇక్కడే ఉంది. దేన్ని పుట్ ఆఫ్ చేస్తున్నారో చూడండి. పనినైతే వాయిదా. మనిషినైతే అర్థం మారిపోతుంది. ‘ద స్మెల్ పుట్ మి ఆఫ్’ అంటే ఆ వాసనకి నాకు తినబుద్ధి కాలేదని. చదువుకుంటుంటే పక్కన కూర్చుని పెన్ను టకటకలాడించేవాడితో ‘యు ఆర్ పుటింగ్ మి ఆఫ్’ అంటే, నా ధ్యాస చెడగొడుతున్నావని. బాకీ తీర్చమంటే రేపు మాపు అంటూ తిప్పేవాడి గురించి ‘హి కీప్స్ పుటింగ్ మి ఆఫ్’ అంటాం. మూడింటిలోనూ ‘మి’ మధ్యలోనే ఉంది, గమనించారా? సర్వనామం చోటు ఎప్పుడూ అదే. ‘పుట్ ఇట్ ఆఫ్’ అనాలి, ‘పుట్ ఆఫ్ ఇట్’ తప్పు. నామవాచకానికి ఆ నియమం లేదు: ‘పుట్ ఆఫ్ ద ట్రిప్’, ‘పుట్ ద ట్రిప్ ఆఫ్’ రెండూ సరే.

అపోహ: ‘ఐ పుట్ ఆఫ్ టు గో’ అనొచ్చు.

వాస్తవం: అనకూడదు. ‘ఐ పుట్ ఆఫ్ గోయింగ్’ అనాలి. భూతకాలంలోనూ ‘పుట్’ మారదు.

అపోహ: ‘పుట్ ఆఫ్ ద లైట్’ మనవాళ్లు పుట్టించిన తప్పు.

వాస్తవం: ఈ మాట అన్నారని పిల్లల్ని చూసి నవ్వడం నాకు బాధ కలిగిస్తుంది. లైట్ ఆపడమనే ఈ అర్థం బ్రిటిష్ నిఘంటువుల్లోనూ ఉంది. ‘స్విచ్ ఆఫ్’, ‘టర్న్ ఆఫ్’ ఎక్కువ వినిపిస్తాయి, అంతే. మంట ఆర్పడానికి మాత్రం ‘పుట్ అవుట్’ వాడాలి.

అపోహ: ఫ్రేజల్ వెర్బ్స్ (‘పుట్ ఆఫ్’లా క్రియకి ఆఫ్, అవుట్ వంటి చిన్న మాట చేరి ఏర్పడేవి) అన్నీ స్లాంగ్ మాటలు.

వాస్తవం: పరిశోధన పత్రాల్లో సైతం ‘క్యారీ అవుట్’ (నిర్వహించడం) కనిపిస్తుంది. ‘పుట్ ఆఫ్’ కాస్త మాటల ధోరణిలో ఉంటుంది కాబట్టి ఆఫీసు నోటీసులో ‘పోస్ట్‌పోన్’ రాయండి. ఫోన్‌లో స్నేహితులతో ‘పుట్ ఆఫ్’ అంటేనే సహజంగా ఉంటుంది.