ఇంకో మినిస్ట్రీ వస్తే మన పిల్లలు పోతారా? కొన్ని అపోహలు, వాస్తవాలు

గుంటూరు, విజయవాడ బడుల్లో విద్యార్థి పరిచర్య చేసేవాళ్లకు, అంటే పిల్లలకు పాటలు, బైబిల్ నేర్పే క్రైస్తవ మినిస్ట్రీల వాళ్లకు, జూన్ వచ్చిందంటే ఒక ఫోన్ తప్పదు. "అన్నా, మన బడికి వాళ్లు కూడా వస్తున్నారంట. హెచ్.ఎం. గారితో ముందే మాట్లాడి ఆపించండి." ఆ "వాళ్లు" ఎవరో కాదు, అదే బైబిల్ పట్టుకుని తిరిగే ఇంకో మినిస్ట్రీ వాళ్లు. విని విని విసుగొచ్చి రాస్తున్నాను.

అపోహ: ఇంకో గ్రూపు వస్తే మన పిల్లలు అటు పోతారు.

పిల్లలు పోయే మాట నిజమే. పోయేది మాత్రం ఇంకో గ్రూపులోకి కాదు. పదో తరగతి అయ్యాక, ఎవరికీ అందకుండా పోతారు.

మార్చిలో పరీక్షలు రాసిన పిల్లల్లో చాలామంది ఇంటర్‌కి హాస్టళ్లలో చేరతారు. పొద్దున్నుంచి రాత్రిదాకా క్లాసులు, స్టడీ అవర్స్. చేతిలో ఫోన్ ఉండదు. కార్పొరేట్ కాలేజీ గేటు లోపలికి మనల్ని ఎవరూ రానివ్వరు. ఆరో తరగతి నుంచి పాటలు నేర్పి, వాక్యాలు కంఠతా పట్టించిన మనం సరిగ్గా ఆ గేటు దగ్గర చెయ్యి వదిలేస్తాం.

నిజానికి పని ఎప్పుడో పంచుకునే ఉంది. 1867లో ఇంగ్లండులో పుట్టిన స్క్రిప్చర్ యూనియన్ బడి పిల్లల్ని చూసుకుంటుంది. 1954లో మొదలైన యు.ఇ.ఎస్.ఐ. (యూనియన్ ఆఫ్ ఇవాంజెలికల్ స్టూడెంట్స్ ఆఫ్ ఇండియా) కాలేజీ విద్యార్థుల మధ్య పనిచేస్తుంది. అంతకంటే పాతది ఎస్.సి.ఎం. (స్టూడెంట్ క్రిస్టియన్ మూవ్‌మెంట్), 1912 నాటిది. కథోలిక పిల్లలకు వై.సి.ఎస్. (యంగ్ క్రిస్టియన్ స్టూడెంట్స్) ఉంది. ఒకరి పని అయ్యేచోట ఇంకొకరిది మొదలవుతుంటే ఇక పోటీ ఎక్కడ?

గుంటూరులో ఒక బడికి రెండు గ్రూపులు వెళ్లేవి, ఒకరు మంగళవారం, ఒకరు శుక్రవారం. ఒక అబ్బాయి రెండింటికీ వచ్చేవాడు, పాటలు నడిపించేవాడు. పది పాసై విజయవాడ హాస్టల్లో చేరాడు. వాళ్లు చెప్పి ఉంటారులే అని వీళ్లు, వీళ్లు చెప్పి ఉంటారులే అని వాళ్లు ఊరుకున్నారు. అక్కడి కాలేజీ గ్రూపు వాళ్లకు అసలు కబురే అందలేదు. దసరా సెలవుల్లో వాళ్లమ్మ నాకు ఫోన్ చేసింది. పాత వి.బి.ఎస్. (సెలవుల్లో పెట్టే బైబిల్ బడి) కార్డు వెనక నా నంబరు దొరికిందట. "వాడు ఎవరితోనూ మాట్లాడటం లేదు బ్రదర్, ప్రార్థనకు కూర్చోమంటే లేచి వెళ్లిపోతున్నాడు. నాకు టెన్షన్‌గా ఉంది" అంది. ఆ తల్లికి ఏ మినిస్ట్రీ అయితే ఏంటి?

విజయవాడలో ఇంజనీరింగ్ చదివే ఒక సీనియర్‌కి చెప్పాను. అవుటింగ్ ఇచ్చిన ఆదివారం వెళ్లి కలిశాడు. ఆ పిల్లాడు మొదటి రెండుసార్లూ ఫిజిక్స్ మార్కుల గురించే మాట్లాడాడట. మాట్లాడాడు, అంతే కావాలి.

సహకారం అంటే పెద్ద పెద్ద ఐక్య సభలు, స్టేజీ మీద అందరి బ్యానర్లు కాదు. ఏప్రిల్‌లో ఒక కాగితం: పిల్లల పేరు, ఏ ఊళ్లో ఏ కాలేజీలో చేరుతున్నారు, ఇంటివాళ్లు ఒప్పుకుంటే వాళ్ల నంబరు. అది ఆ ఊరి కాలేజీ గ్రూపు చేతికి వెళ్లాలి. ఒకే బడికి ఇద్దరు వెళ్తుంటే వారాలు పంచుకోవాలి, వి.బి.ఎస్. తేదీలు ఒకదానిమీద ఒకటి పడకుండా చూసుకోవాలి. పాస్టర్లు "గొర్రెల దొంగలు" అని తిట్టుకునేది ఒకరి సంఘం వాళ్లను ఇంకొకరు లాక్కుంటారనే కదా. అందుకని కొత్త పిల్లాడిని ముందు "మీ సంఘం ఏది?" అని అడగండి, ఆదివారం ఆ సంఘానికే పంపండి. ఈ ఒక్క నియమం పాటిస్తే సగం గొడవలు రావు.

అపోహ: బాప్తిస్మం విషయంలో ఒక మాట మీదికి రానిదే కలిసి పనిచేయలేం.

సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా), లూథరన్ సంఘాల్లో పసిపిల్లలకు చిలకరిస్తారు. బాప్టిస్టులు, పెంతెకొస్తు వాళ్లు నమ్మినవాళ్లనే ముంచుతారు. ఆ తీర్పు బడి వరండాలో తేలేది కాదు, ఇంటివాళ్లూ సంఘమూ చూసుకుంటారు. మా ఇంట్లో మా ఆవిడ వైపు లూథరన్లు, మేం బాప్టిస్టులం. క్రిస్మస్ అరిసెలు ఒకే పళ్లెంలో తింటున్నాం.

అపోహ: క్రైస్తవ యాజమాన్యం బడే కదా, అనుమతి ఎందుకు?

రాజ్యాంగం 28వ అధికరణం చదవండి. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే బడిలో మతబోధ కుదరదు. గుర్తింపు ఉన్న బడిలో, ఎయిడెడ్ బడిలో ఏ విద్యార్థినీ బలవంతంగా కూర్చోబెట్టకూడదు, మైనర్లయితే సంరక్షకుల సమ్మతి ఉండాలి. అది హెచ్.ఎం. గారి చిరునవ్వుతో వచ్చేయదు, తల్లిదండ్రుల సంతకం తీసుకోండి. ఒక గ్రూపు నిర్లక్ష్యం చేస్తే గేటు అందరికీ మూసేస్తారు. అందరూ ఒకే ఫారం వాడటం మేలు.

అపోహ: ఈ బైబిల్ కూటాలకు వెళ్తే మార్కులు తగ్గుతాయి.

వారానికి ఒక లంచ్ బ్రేక్‌తో ఎవరి మార్కులూ తగ్గవు. ఫిబ్రవరిలో పదో తరగతి పిల్లల్ని మూడు రోజుల రిట్రీట్‌కి రమ్మనేవాళ్లను మాత్రం తల్లిదండ్రులు తిట్టినా తప్పులేదు.